మాత్రల ఫాయిల్‌లో చికెన్

మా ఇంట్లో ఎయిర్ ఫ్రయ్యర్ ఎవరూ కొన్నది కాదు. ఆఫీసులో దసరాకు చీటీలు తీస్తే నా పేరు వచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో నాచారం దాకా వస్తూ దారి పొడవునా దానితోనే సెల్ఫీలు దిగాను. ఇంటికొచ్చాక తెలిసింది, వంటింటి గట్టు మీద దానికి చోటు లేదని. మిక్సీ, కుక్కర్, పక్కన అమ్మ బియ్యం డబ్బా. ఆ డబ్బాను కదిలించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. దాంతో ఎయిర్ ఫ్రయ్యర్ హాల్లో వాషింగ్ మెషీన్ నెత్తికెక్కింది.

నూనె లేకుండా వేడి గాలితో వేయించే మిషన్ అది, కానీ నాకు పొడిపొడిగా ఉండే ఫ్రైలు నచ్చవు. సోయా సాస్, చిల్లీ సాస్, తేనె, వెల్లుల్లి అన్నీ కలిసి వేళ్లకు అంటుకోవాలి. మొదటి ఆదివారమే చికెన్ అలా చేశాను. బుట్ట అడుగున చిల్లులుంటాయి కదా, సాస్ మొత్తం వాటిలోంచి జారి కింది తట్టలో పడి మాడిపోయింది. ఇల్లంతా పొగ. ముక్కలేమో ఎండిపోయి బుట్టకు అతుక్కున్నాయి. అమ్మ రెండు రోజులు నానబెట్టి, స్టీలు పీచుతో తోమి, మరకతో పాటు బుట్ట నల్ల పూతను కూడా కొంచెం లేపేసింది.

"ఇది వంట మిషనా, నా చేతులు అరగదీసే మిషనా? ఇగ చాలు. అక్కకిచ్చేస్త. వాళ్లింట్ల జాగుంది" అంది.

అక్కావాళ్లు ఘట్‌కేసర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నారు. వాళ్ల వంటిల్లు మా హాలంత ఉంటుంది. అమ్మ ఆ మాట అక్కకు ఫోన్‌లో చెప్పిన నిమిషంలోనే బావ, అదే అక్క మొగుడి దగ్గర్నుంచి ఫోన్.

"మరదలా, మిషన్ మాకిస్తున్నరంట? ఆదివారం మ్యాచ్‌కొస్తున్న. డిక్కీ ఖాళీగనే ఉంచుతా."

మ్యాచ్ ఉన్న రోజు ఉప్పల్ చుట్టుపక్కల ఇళ్లు ఉన్నవాళ్లకు చుట్టాలు ఎక్కువవుతారు. స్టేడియం దగ్గర బండి పెట్టే చోటు దొరకదు కాబట్టి, కారు మా సందులో పెట్టి, మా ఇంట్లో తిని, నడుచుకుంటూ వెళ్తారు. బావ దాంట్లో సీనియర్.

నాకు మండింది. కోపం వస్తే నా నోరు ముందు, నేను తర్వాత. "ఆదివారం నీ ముంగటే సాస్ చికెన్ చేస్త బావా. ఒక్క చుక్క బుట్టల పడ్డా మిషన్ తీస్కపో. పడకపోతే మళ్ల దాని పేరెత్తొద్దు!"

"అత్తమ్మా, విన్నరా?" అని బావ స్పీకర్‌లోంచి అరిచాడు. అమ్మ విన్నానంది. అయిపోయింది, పందెం ఖాయం.

వారమంతా మెట్రోలో వీడియోలు చూశాను. నేను ఏ వీడియో అయినా రెండింతల వేగంతోనే చూస్తాను, అంత నింపాదిగా మాట్లాడేవాళ్లను భరించలేను. నాకు అర్థమైంది ఒక్కటే: బుట్టలో ఫాయిల్ గానీ బేకింగ్ పేపర్ గానీ వేస్తే సాస్ కిందికి జారదు. అది వినగానే మెట్రోలోనే నవ్వేశాను. ఫాయిల్! మా ఇంట్లో!

నాన్న మల్లాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో పని చేస్తాడు. మాత్రల షీట్ల వెనక ఉంటుందే వెండి రంగు ఫాయిల్, దాని మీద పేర్లు అచ్చు వేసే కంపెనీ. అచ్చు వంకరపోయిన ముక్కలు ఇంటికి తెస్తాడు. నా చిన్నప్పటి నోటుబుక్కుల అట్టలు అవే. బోనాల కుండకు చుట్టే మెరుపు అదే. పొయ్యి వెనక గోడకు నూనె చిమ్మకుండా అమ్మ అతికించింది కూడా అదే. క్లాసులో అందరి పుస్తకాల మీద బొమ్మలుంటే, నా లెక్కల పుస్తకం మీద జ్వరం మాత్రలుండేవి.

ఆదివారం పదకొండుకే బావ దిగాడు, ఒంటి మీద జెర్సీ, చెంప మీద జెండా. వస్తూనే వాషింగ్ మెషీన్ దగ్గరికెళ్లి ఎయిర్ ఫ్రయ్యర్ కొలతలు జానతో చూసుకున్నాడు.

"డిక్కీల పడతది" అన్నాడు.

"ముందు నువ్వు సోఫాల పడు బావా" అన్నాను.

నాన్న రాత్రి షిఫ్టు చేసొచ్చి లోపలి గదిలో నిద్రపోతున్నాడు. కిలో చికెన్‌లో సగం తీసి సాస్‌లో కలిపాను. ఫాయిల్‌ను నాలుగు వైపులా అంచులు లేపి చిన్న పడవలా మడిచి బుట్టలో పెట్టాను. నూట ఎనభై డిగ్రీలు, ఇరవై నిమిషాలు. ఫోన్ నిలబెట్టి వీడియో కూడా ఆన్ చేశాను, గెలిచే క్షణం రికార్డవ్వాలి కదా.

పదో నిమిషానికి లోపలి గది తలుపు తెరుచుకుంది. నాన్న లుంగీ సర్దుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ వచ్చాడు.

"ఏందిది? మా కంపెనీ మిషన్ వాసనొస్తుందేంది ఇంట్ల?"

నేను గర్వంగా చూపించాను. నాన్న ముఖంలో రంగు పోయింది. "అయ్యో బిడ్డా, గా ఫాయిల్‌కు ఒక దిక్కు లక్క లెక్క పూత ఉంటది. వేడి తగిల్తె అంటుకునుడే దాని పని!"

బుట్ట లాగి చూశాం. అది తన పని తాను చేసింది. ఒక ముక్క పైకి లేపితే ఫాయిల్ దాంతో పాటే చిరిగి వచ్చింది. ప్రతి ముక్క అడుగునా వెండి అట్ట, దాని మీద నల్లటి అక్షరాలు. బావ ఒక లెగ్ పీస్ వెలుగులోకి తిప్పి, డాక్టరులా కళ్లు చిన్నవి చేసి చదివాడు.

"సల్లటి జాగల పెట్టాలంట. పిల్లలకు అందకుంట ఉంచాలంట. అత్తమ్మా, ఇది పొద్దుగాల ఒకటి, రాత్రికి ఒకటా?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న గోడకు ఒరిగి నవ్వుతున్నాడు. నాకు ఏడుపు రావాలి, వచ్చింది నవ్వే. కడుపు పట్టుకుని కింద కూర్చున్నాను. ఆ పూత, ఆ ఇంకు తినకూడదని నాన్న అన్నీ తీసి చెత్తలో పారేశాడు.

"కానీ చుక్క పడలే!" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"చికెన్ కూడ కడుపుల పడలే" అన్నాడు బావ. "మిషన్ ప్యాక్ చేద్దామా?"

"ఇంకా అర్ధ కిలో ఉంది. ఆగు!"

చెప్పులు సగం వేసుకుని మా సందు చివర బేకరీకి పరిగెత్తాను. "అన్నా, కేకుల కింద ఏస్తరు కదా, గా పేపరియ్యి. చుట్టేది కాదు, ఓవెన్ల పెట్టేది!" అని రెండుసార్లు చెప్పాను. ఒకసారి దెబ్బ తిన్నాను కదా, తెలివి వచ్చిందనుకున్నాను.

ఇంటికొచ్చి, బుట్ట కడిగి, పేపర్ పరిచి, ముందు మిషన్ వేడెక్కాలని ఖాళీగానే ఆన్ చేశాను. లోపల ఫ్యాను గిర్రున తిరిగింది. పటపటమని చప్పుడు. పేపర్ గాల్లోకి లేచి పైనున్న వేడి తీగకు అతుక్కుని అంచున ఎర్రగా వెలిగింది. అమ్మ "ఆర్పే, ఆర్పే!" అని అరిచింది. స్విచ్ తీసేసి, అది ఆరిందాకా కదలకుండా నిలబడ్డాను.

ఈసారి నవ్వు రాలేదు. ప్లగ్గు పీకి, వైరు చుట్టేసి, "తీస్కపో! తీస్కపో బావా, డిక్కీల పెట్టుకో!" అని అరిచాను. నా జీవితంలో చీటీలో తగిలింది అదొక్కటే.

బావ ముట్టుకోలేదు. "మిషన్ తర్వాత పిల్లా. గా ముక్కలేం గావాలె? నాకు మస్తు ఆకలైతుంది. ఫోనియ్యి ఇటు." నా ఫోన్ తీసుకుని, నేను మెట్రోలో చూసిన వీడియోనే మామూలు వేగంతో పెట్టాడు. అందులో వంట చేసే ఆవిడ తాపీగా చెప్పుకుంటూ పోతోంది: ఖాళీ పేపర్ ఎప్పుడూ పెట్టకండి, మీద ముక్కల బరువు ఉండాలి. బుట్ట మొత్తం కప్పేయకండి, పక్కల నుంచి గాలి ఆడాలి. సాస్ మొదట్లో వద్దు, చివరి నాలుగైదు నిమిషాలకే పోయండి.

"ఇవన్నీ చెప్పిందా?" అన్నాను.

"నీ స్పీడ్‌ల ఆమె ఊపిరి కూడ పీల్చలే" అన్నాడు బావ.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఆ మిగిలిన పేపర్ తీసుకుంది. "గాలి ఆడాలె, పులుసు కారొద్దు. గంతేగా?" అంది. కింద కూర్చుని, పేపర్‌ను నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదానికి మూలలు మడిచి, పుల్లతో గుచ్చింది. చిన్నప్పుడు మోదుగాకులతో విస్తర్లు, దొప్పలు కుట్టిన చేతులవి. నేను రెండు వీడియోలు చూసే లోపు నాలుగు దొప్పలు తయారయ్యాయి. పెళ్లిళ్లలో పులుసు పోసే దొప్పలే, తెల్లవి.

సాస్ లేకుండానే ముక్కలను దొప్పల్లో సర్దాను. దొప్పకూ దొప్పకూ మధ్య వేలు పట్టేంత సందు. పదిహేను నిమిషాలు పెట్టాను. తర్వాత తెరిచి, సాస్ పోసి, ఇంకో ఐదు నిమిషాలు. బుట్ట లాగితే దొప్పల్లో సాస్ చిటపటలాడుతూ, ముక్కలు ఎర్రగా మెరుస్తూ.

నేను ఎగిరాను. నిజంగానే ఎగిరాను, కింది అంతస్తు ఆంటీ పైకి చూసి అరిచింది కూడా.

బావ వెంటనే తినలేదు. దొప్పలు బయటికి తీసి, ఖాళీ బుట్టను తలకిందులు చేసి, తెల్ల చేతిరుమాలుతో అడుగంతా తుడిచాడు. ముగ్గురం మెడలు చాచి రుమాలు వైపు చూశాం. ఒక్క మరక లేదు. రుమాలు గాల్లో అంపైర్‌లా ఊపి, "నాటౌట్!" అని ప్రకటించి, అప్పుడు తిన్నాడు. మూడు దొప్పలు తిన్నాడు. టాస్ అయ్యే వేళకు ఇంకా వేళ్లు నాకుతున్నాడు. నాలుగో దొప్ప చేతిలో పట్టుకుని ఉప్పల్ వైపు పరుగెత్తాడు.

అరగంటకు ఫోన్. "తిండి లోపలికి తేవద్దన్నరు. గేటు కాడనే నిలవడి తిన్న. దొప్ప కూడ నాకిన. మీ అక్కకేం జెప్పాలె ఇప్పుడు?"

"దొప్పలు గుట్టుడు నేర్చుకొమ్మని జెప్పు!"

ఇంతలో అక్కడ వికెట్ పడినట్టుంది. ముందు ఫోన్‌లో గోల వినిపించింది. కాసేపటికి అదే గోల మా కిటికీలోంచి మెల్లగా వచ్చింది. కేకవేస్తూ వంటింట్లోకి పరిగెత్తాను.

అమ్మ బియ్యం డబ్బాను రెండు చేతులతో పట్టి గట్టు మీంచి కిందికి దించుతోంది. ఖాళీ అయిన చోటును తడిగుడ్డతో తుడిచి, నా వైపు చూడకుండా అంది:

"గట్ల నిలవడకు. పోయి మిషన్ తీస్కరా. రేపు చేప పులుసు వెడదాం."