పెనుకొండ దగ్గర వెచ్చటి నీళ్ళు, ధర్మవరంలో ఒక టోకెన్

ఇది సరదాగా బయల్దేరిన ప్రయాణం కాదు. ధర్మవరంలో మా పెదనాన్న కొడుకు కుళ్ళాయప్పన్న పట్టునూలుకు రంగులు అద్దుతాడు. నూలును సబ్బు, సోడా వేసిన మరిగే నీళ్ళలో ఉడికించి బంక తీయాలి, ఆ తర్వాత రంగు తొట్టిలో ముంచాలి. రోజంతా కట్టెల పొయ్యి ముందే. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి, దగ్గు తగ్గదు. పోయిన వారం బెంగళూరులో ఉన్న నాకు ఫోన్ చేశాడు. "పాపా, నువ్వు ఊర్లు తిరుగుతాంటావు గదా. పెనుకొండ కాడ మన భూజ్వాల ప్లాంటు పని యాడిదాకా వచ్చిందో ఒక తూరి చూసి రా. శుక్రవారం సాయంత్రం మన షెడ్డు కొనేటోళ్ళు వస్తాండారు." బతుకుతెరువైన షెడ్డు ఎందుకు అమ్ముతున్నావని అడిగాను. "బ్యాలెన్సు కట్టల్ల గదా" అన్నాడు.

భూజ్వాల అనేది ఒక క్రిప్టో టోకెన్. భూమి అడుగున ఉన్న వేడితో కరెంటు తీసే ప్లాంటు పెడతామని, మిగిలిన వేడినీళ్ళు పైపుల్లో ధర్మవరం రంగుల షెడ్లకు ఇస్తామని చెప్పి అమ్మారు. కొన్నవాళ్ళ ఫోన్లో ఒక అంకె కనిపిస్తుంది, అంతే. కొన్నాక కట్టాల్సింది ఇంకేమీ ఉండదు. కానీ మా వైపు టోకెన్ అంటే వేరు. స్థలం నచ్చితే ముందు కొంత చేతిలో పెట్టి మాట ఖాయం చేసుకుంటాం, అది టోకెన్. మిగతాది గడువులోగా కట్టకపోతే టోకెన్ పోతుంది. అన్న కూడా అలాగే అనుకున్నాడు. బ్యాలెన్సు ఎప్పుడు కట్టాలని మొదట అడిగింది మావాళ్ళే. అమ్మినవాళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించి ఉండరు, ఈ నెలాఖరులోగా అన్నారు. పిలిచి మరీ జేబు చూపించే వాళ్ళు దొరికితే ఎవరు వద్దంటారు?

శుక్రవారం పొద్దున బెంగళూరులో రైలెక్కితే రెండు గంటలు దాటాక హిందూపురం. జనరల్ టికెట్ ఒక ప్లేటు ఇడ్లీ ధరకు అటూఇటూగా ఉంటుంది, సీటు మాత్రం ఆశించకండి. భూజ్వాల ఆఫీసు చింతపండు మండీ మీది అంతస్తులో ఉందని అన్న చెప్పాడు. మెట్ల దగ్గరికి వెళ్ళేసరికే పులుపు వాసనకు నోట్లో నీళ్ళూరాయి. పైన తాళం. కింద మండీ యజమాని బస్తాల మధ్య కూర్చుని నన్ను చూసి ఏమీ అడక్కుండానే సంగతి గ్రహించాడు.

"టోకెన్ ఆఫీసుకా? ఆయప్పోళ్ళు పోయి శానా దినాలాయమ్మా. నాకూ బాడుగ దుడ్లు ఇయ్యలే. ఏసీ డబ్బా ఒగటి ఇడిసిపోయినారు, అది గూడా పన్జేయదు."

నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఎందుకో తెలియదు. సంగతి చెప్పినవాడి మీద కోపం తెచ్చుకోవడం నా పాత జబ్బు. బస్టాండులో రెండు దోసెలు తిని, పెనుకొండ బస్సు ఎక్కాను. గంట ప్రయాణం, బస్సులు తరచుగానే ఉంటాయి. దారిలో హైవే పక్కన కార్ల ఫ్యాక్టరీ కనిపించింది. అది రాకముందు భూమి కొననివాళ్ళందరూ ఇప్పటికీ నొచ్చుకుంటూనే ఉంటారు, మా అన్న వాళ్ళలో ఒకడు. ఈసారి ముందే మేలుకోవాలనుకున్నాడు.

పెనుకొండలో కొండ మీది కోట చూడాలనుకునేవాళ్ళు పొద్దున్నే ఎక్కండి. నేను ఎక్కలేదు. బస్టాండు బయట ఖాదర్ అనే ఆటో డ్రైవరును మాట్లాడుకున్నాను, గోరంట్ల దారిలో వెళ్ళి రావడానికి ఐదొందలు. నేను ఎక్కడికో చెప్పగానే అతను నవ్వాపుకున్నాడు.

"ఆ వేన్నీళ్ళ బోరు కాడికా అక్కా? ముందు కార్లేసుకోని శానామంది వచ్చినారు. నాకు మంచి బాడుగలు దొరికినాయి. ఇప్పుడు మీరే."

ప్లాంటు అంటే అర ఎకరా చుట్టూ ముళ్ళకంచె, ఎండకు తెల్లబోయిన ఫ్లెక్సీ, ఒక బోరు పైపు, పక్కన సిమెంటు తొట్టి. ఆ భూమి నారాయణమ్మది. ఆమె తొట్టి దగ్గర బట్టలు ఉతుకుతోంది. మోటారు వేసి నీళ్ళు వదిలింది. చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి. అన్న నాకు పంపిన భూజ్వాలవాళ్ళ వీడియోలో ఇవే నీళ్ళు, చలికాలం పొద్దున తీసినట్టున్నారు, పొగలు కక్కుతూ కనిపించాయి.

ఇక్కడే నాకు ఏడుపు వచ్చినంత పనైంది. మా సీమలో లోతుగా వేసిన బోర్లలో నీళ్ళు వెచ్చగా వస్తాయని తెలియనివాళ్ళు ఎవరు? చిన్నప్పుడు అన్నా నేనూ బోరు కిందే స్నానాలు చేసేవాళ్ళం. తెలిసిన సంగతినే ఎవరో ఇంగ్లీషులో చెప్పేసరికి కొత్తగా కనిపించింది. భూమి వేడితో కరెంటు తీయడం అబద్ధమేమీ కాదు. అగ్నిపర్వతాలున్న దేశాల్లో తీస్తున్నారు. మన దేశంలో లడాఖ్‌లోనూ, గోదావరి పక్క మణుగూరు వైపూ వేడినీళ్ళు ఉన్నాయి గానీ పని ప్రయోగాల దశ దాటలేదు. అంత లోతు తవ్వడానికి బోలెడు ఖర్చవుతుంది, తవ్వాక కావలసినంత వేడి లేకపోతే ఆ ఖర్చంతా మట్టిపాలే. పైగా ఎండ ఇంత చవగ్గా దొరికే మా జిల్లాలో సోలార్ కరెంటుతో పోటీ పడాలి. పెద్ద కంపెనీలే వెనకాడే పనిని ఒక ఫోన్ అంకె ఎలా చేస్తుంది? ఆ అంకెకు ఇంకొకడు కొంటేనే విలువ. కొనే ఇంకొకడి కోసం నారాయణమ్మ బోరును వీడియో తీశారు.

"వాళ్ళు మళ్ళీ రాలేదా?" అని నారాయణమ్మను అడిగాను.

"రాలేమ్మా. భూమికి టోకెన్ ఇచ్చిపోయినారు. మిగిలింది ఇయ్యల్ల."

"ఇక రారు. వేరేవాళ్ళకు అమ్ముకోండి."

ఆమె తడి చీర పిండుతూ నన్ను వింతగా చూసింది. "టోకెన్ తీసుకున్యాం గదమ్మా. ఇంగొగరికి ఎట్లిస్తాం?"

అప్పుడు నేను ఆ మాటను పట్టించుకోలేదు. ఫోన్లో చెప్పే సంగతి కాదని, షెడ్డు కొనేవాళ్ళకంటే ముందే అన్న దగ్గరికి చేరాలని నా ఆత్రం నాది. పెనుకొండలో ధర్మవరం బస్సు కోసం నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాను. బస్సు కూడా గంటంపావు పట్టింది. మధ్యాహ్నం భోజనం లేదు, దారిలో కొన్న ఉడకబెట్టిన వేరుశనక్కాయలే. షెడ్డు చేరేసరికి కొనేవాళ్ళు ఇంకా రాలేదు. హమ్మయ్య అనుకున్నాను.

కుళ్ళాయప్పన్న పొయ్యి ముందు బొప్పాయి రంగు నూలు ఉడికిస్తున్నాడు. చూసిందంతా చెప్పాను. తాళం, తొట్టి, గోరువెచ్చటి నీళ్ళు. క్రిప్టోలో టోకెన్ అంటే బ్యాలెన్సు ఉండదనీ, నీ మాటనే నీకు అమ్మారనీ చెప్పాను. ఆయన కర్రతో నూలు తిప్పుతూ విన్నాడు.

"అట్లయితే పైపుల్లో నీళ్ళు రావా?"

"రావన్నా."

పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు. "మన బోరు నీళ్ళు గూడా ఎచ్చగానే వస్తాయి గదా పాపా. నాకు ఏంటికి తోచలే?"

"పోయింది పోనీ. షెడ్డు మిగిలింది కదా. వాళ్ళు వస్తే అమ్మనని చెప్పు" అన్నాను.

"ఎట్ల చెప్తా? మొన్ననే ఆయప్ప కాడ టోకెన్ తీసుకుంటి."

"తిరిగి ఇచ్చేయ్."

"మాట ఇస్తి గదా. నాకు ఎవరో మాట తప్పినారని, నేను ఈయప్పకు తప్పల్లనా?"

బతిమాలాను, తిట్టాను కూడా. గుమ్మం ముందు బండి ఆగింది. అన్న చేతులు కడుక్కుని, ఒక్కగానొక్క కుర్చీ తుడిచి వచ్చినాయనకు వేశాడు. "రాప్పా, కూచో" అన్నాడు. అమ్మకం కాగితం మీద సంతకం పెట్టాక పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి నీళ్ళు చల్లాడు.

తిరుగు రైల్లో నాకు ఏ ఆశా కలగలేదు, కలిగిందని రాయను. మాట మీద నిలబడేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఈ మోసం ఇంత సులువుగా సాగింది. నారాయణమ్మ ఆ భూమిని అలాగే ఉంచుతుంది. మా అన్న భూజ్వాలకు బ్యాలెన్సు కట్టడు గానీ, వచ్చే నెల నుంచి అదే షెడ్డులో, అదే పొయ్యి ముందు, కొన్నాయన దగ్గర కూలికి రంగులు అద్దుతాడు. భూమి అడుగున వేడి నిజంగా ఉంది, ఒకనాటికి ఎవరో పైకి తెస్తారేమో కూడా. అప్పటికి ఆ పొగలో ఆయన దగ్గు ఎంత ముదురుతుందో నాకు తెలియదు.

ఇటువైపు వచ్చేవాళ్ళకు ఒక సూచన. ఎవరైనా బోరు నీళ్ళు చూపించి పెట్టుబడి అడిగితే, ముందు పక్క తోటకు వెళ్ళి ఆ బోరు కింద కూడా చెయ్యి పెట్టి చూడండి.