వందో భాగంలో ఆయన గొంతు

ఇటలీ వంటల మీద, అక్కడి జీవితం మీద మా అమ్మాయి చేసే పాడ్‌కాస్ట్ మొన్న ఆదివారానికి వంద భాగాలైంది. కోలారు బంగారు గనుల దగ్గర, కోరమండల్‌లోని మా ఇంట్లో కేకు కోశాం. వాళ్ల నాన్న పోయి ఆ రోజుకు పదకొండు నెలల నాలుగు రోజులు. ముప్పై ఒక్కేళ్లు గని దుమ్ము పీల్చిన మనిషి. పద్నాలుగో భాగంలో ఆయన ఇటలీవాళ్ల మొక్కజొన్న ముద్ద తిని మాట్లాడారు. అమ్మాయి ఆ ముక్కను వందో భాగంలో మళ్లీ పెట్టి, ఫోనులో మాకు వినిపించింది.

"ఇంగ ఇది మన సంగటే కదమ్మా, రంగు మార్చుకోని వచ్చినాది!"

అందరూ నవ్వారు.

"మీ నాయన దగ్గు యాడమ్మా?" అన్నాను.

"వినేవాళ్లకి ఇబ్బందని కత్తిరించేసినానమ్మా. అసలు రికార్డింగూ ఉంచుకోలేదు," అంటూ ఏడ్చింది.

వీధి మలుపులో ఆ దగ్గు విని తలుపు తీసేదాన్ని. ఇప్పుడు ఫోనులో అంత చక్కగా మాట్లాడుతున్న మనిషి నాకు కొత్తవారిలా ఉన్నారు.