నల్లేరు ముద్ద

మా చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళను ఆడిపోసుకోకూడదని ఇంట్లో అందరూ నాకు సుద్దులు చెబుతారు. వాళ్ళకేం, చెబుతారు. ఆ రోజు పెరట్లో నిలబడి ఆ మాట విన్నది నేను.

తొంభైల మొదట్లో మాది వాషర్‌మెన్‌పేట్‌లో పెళ్ళి గుర్రాల ఇల్లు. వరుడిని ఊరేగించడానికి గుర్రాలను పంపేవాళ్ళం. నాయన, ఆయన తమ్ముడు కలిసి ఆ పని చూసుకునేవారు. గుర్రాలు రెండే, ఒక తెల్ల ఆడగుర్రం, దానికి పుట్టిన మగ గుర్రం. అన్నదమ్ములకు పొసగక విడిపోదామనుకున్నప్పుడు మా వాళ్ళ వాడుక ప్రకారమే పంచుకున్నారు. పెద్దవాడు పాళ్ళు వేయాలి, చిన్నవాడు ముందు ఎంచుకోవాలి. నాయన ముసలి గుర్రం పక్కన జీను, జరీ గుడ్డలు, గజ్జెలు, ఉన్న సామానంతా పెట్టాడు. కుర్ర గుర్రాన్ని ఒంటరిగా నిలబెట్టాడు. చిన్నాయన సామాను వైపు కన్నెత్తి చూడలేదు, కుర్రదాని తాడు పట్టుకున్నాడు. నేను సీసాతో పాలుపట్టి పెంచిన గుర్రం అది. అయినా వాడుక వాడుకే కదా, అందులో తప్పు పట్టను.

గేటు దాకా పోయి వెనక్కి తిరిగాడు. మోకాళ్ళు వాచి నిలబడ్డ ముసలి గుర్రాన్ని చూశాడు, గోడ పట్టుకుని నిలబడ్డ నాయననూ చూశాడు.

“ముసిలి గుర్రం, ముసిలి మోకాళ్ళు. జోడీ బాగా కుదిరిందిలే అన్నా. కసాయోడు వస్తే ఇద్దరినీ కలిపే తోలెయ్” అన్నాడు.

నాయన నవ్వాడు. తమ్ముడు ఏదో హాస్యమాడినట్టు, ఇంటి పరువు పోకుండా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి తిన్నా, పడుకున్నా, పేడ ఎత్తుతున్నా అదే మాట చెవిలో తిరుగుతుండేది. ఈ మాట ఆయన చేతనే మింగించాలి అనుకున్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, నా ధ్యాస మాత్రం గుర్రం మోకాళ్ళ మీద ఉంది.

సంక్రాంతితో మొదలయ్యే తై నెల పెళ్ళిళ్ళకు అది నడవకపోతే బ్రోకరుకు ఇచ్చేస్తానని నాయన తేల్చి చెప్పాడు. బ్రోకరు దాన్ని ఎక్కడికి పంపుతాడో మాకు తెలుసు. అప్పటికి జూలైలో వచ్చే ఆడి నెల నడుస్తోంది. ఆరు నెలల టైముంది.

ముందు పశువుల ఆసుపత్రికి నడిపించుకుని పోయాను. డాక్టరు మోకాలు వంచి చూసి, కీలులో అరుగుదల ఉందన్నాడు. పందేల గుర్రాలకు ఫారిన్ నుంచి ఒక పొడి వస్తోందని, కావాలంటే తెప్పించవచ్చని డబ్బా చూపించాడు. డబ్బా మీద కంచె దూకుతున్న గుర్రం బొమ్మ. ఆ బొమ్మ చూడగానే నా కళ్ళ ముందు చిన్నాయన మొహం కదిలింది. “ఇది వేస్తే ఎన్ని రోజుల్లో నడుస్తాది సార్?” అని అడిగాను.

“రోజులు కాదమ్మా, నెలలు. అప్పుడు కూడా నేను మాట ఇవ్వలేను. పని ఆపించు, ఒళ్ళు తగ్గించు, ఇసుకలో మెల్లగా నడిపించు. పొడి సంగతి తర్వాత.”

అంత ఓపిక నాకెక్కడిది? మార్కెట్ దగ్గర లేబుల్ లేని సీసాలు అమ్మేవాడొకడు ఉండేవాడు. మూడు రోజుల్లో గుర్రం గంతులేస్తుందని పందెం కాశాడు. ఒక సీసా తెచ్చాను. పోయనా వద్దా అని ఒక పూటంతా చేతిలో పట్టుకుని తిరిగాను. చివరికి మళ్ళీ డాక్టరు దగ్గరికే పోయాను. ఆయన మూత తీసి వాసన చూసి కోప్పడ్డాడు. “ఇది నొప్పి తెలియకుండా చేస్తుంది, అంతే. నొప్పి తెలియకపోతే అది ఆ కాలి మీదే పడి నడుస్తుంది. నెలకల్లా కాలు పోతుంది.” సీసాను అక్కడే పారబోశాను. గుర్రం మీద ప్రేమతో పారబోశానని చెప్పుకోవచ్చు. తై నెలకు ముందే కాలు పోతే నా పగ ఏం కాను అన్న ఆలోచన కూడా ఉంది, దాచడమెందుకు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నాయన అన్నంలో నల్లేరు పచ్చడి కలుపుకుంటూ, ఇది తిన్నప్పటి నుంచి మెట్లు దిగగలుగుతున్నానని అన్నాడు. పచ్చడి చేస్తున్నది నేనే. ఇదేదో గుర్రానికీ పెడితే పోలేదా అనిపించింది. డాక్టరును అడిగితే, మేలు చేస్తుందని చెప్పలేను గానీ సరిగ్గా వండి కొంచెంగా పెడితే కీడు లేదన్నాడు.

సరిగ్గా వండడమంటే చాకిరీ. నల్లేరును మా పక్క పిరండై అంటారు. మార్కెట్‌లో కట్టలు కట్టి అమ్ముతారు. చేతులకు నూనె రాసుకుని గాని దాన్ని ముట్టకూడదు. నార తీసి, పుల్ల మజ్జిగలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, నువ్వులనూనెలో బాగా వేయించి, చింతపండు వేసి నూరాలి. ఇందులో ఏది తప్పినా నాలుక దురదెత్తి, నోరు పూస్తుంది. మా ఇళ్ళలో ఆడపిల్లలందరికీ ఇది తెలుసు. మగవాళ్ళకు పచ్చడి రుచి తెలుసు.

ఒకే రోటిలో నాయనకూ గుర్రానికీ నూరాను. ఉడికించిన ఉలవల్లో కలిపి గుర్రానికి పెట్టేదాన్ని. తెల్లవారగానే రాయపురం దాటి సముద్రపు ఇసుకలో నడిపించేదాన్ని. నల్లేరు చేసిందో, ఇసుక చేసిందో, పనిలేని విశ్రాంతి చేసిందో నాకు తెలియదు. దీపావళి దాటేసరికి వాపు దిగింది. కార్తీకం చివర్లో ఒక ఉదయం అది నన్ను లాక్కుంటూ నీళ్ళ దాకా పోయింది. నేను ఇసుకలో కూర్చుని ఏడ్చాను.

చిన్నాయనకేమో గుర్రానికి విశ్రాంతి అన్న మాటే తెలియదు. రోజుకు రెండు ఊరేగింపులు, సిమెంటు రోడ్ల మీద పరుగులు. తై నెల మొదటి వారానికి కుర్రది ముందు కాలు ఎత్తిపెట్టడం మొదలుపెట్టింది. చింతాద్రిపేటలో ఒక పెద్ద పెళ్ళి ఆయన ఒప్పుకుని ఉన్నాడు. గుర్రం కుంటితే ఆ పెళ్ళి మాకు వస్తుంది. ఆయన మా గేటు తీసుకుని లోపలికి వచ్చిన రోజు నేను పీట కూడా వేయలేదు.

“యేం పెడతా ఉండావు పాపా దీనికి? నిజం చెప్పు” అన్నాడు, మా ముసలిదాని మోకాళ్ళు చూస్తూ.

“నల్లేరు.”

“పిరండైయా? పచ్చడి చేసుకునేదే కదా?”

“అదే చిన్నాయనా.”

“ఎట్ల పెట్టేది?”

“లేతది తెచ్చి దంచు. తవుడూ బెల్లమూ కలిపి ముద్ద చేసి పెట్టు.”

చెప్పిన మాటల్లో అబద్ధం లేదు. మజ్జిగ, నూనె, చింతపండు, వీటి పేర్లు ఎత్తలేదు. పిన్నమ్మ ఆ నెల పుట్టింట్లో ఉందని నాకు తెలుసు. అదీ చూసుకునే చెప్పాను. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడి, ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. “ముట్టుకోదు పాపా. వాసన చూసి మొగం తిప్పుకుంటాది. నువ్వు పెంచిందే కదా, నీ చేత్తో పెడితే తింటాది. ఆడికి కొంచెం రా. ఎల్లుండే పెళ్ళి.”

ఇది నేను అనుకోలేదు. ఆయన పెడతాడు, ఆయన వల్ల జరుగుతుంది, నేను దూరంగా ఉండి వింటాను అనుకున్నాను. అయినా రెండు వీధులు దాటి ఆయన వెంట నడిచాను. దారి పొడుగునా చెప్పేద్దామా అనుకున్నాను. ఆయన ముందు నడుస్తూ, నాయన మోకాళ్ళు ఎట్లున్నాయని ఒక్కసారైనా అడగలేదు. అందుకే చెప్పలేదు.

నా అడుగుల చప్పుడు వినగానే అది సకిలించింది. మెడ చాచి నా భుజం వాసన చూసింది. పళ్ళెంలో ఆకుపచ్చ ముద్దలు రెండు ఉన్నాయి. చేతిలోకి తీసుకోగానే అరచెయ్యి చిమచిమలాడింది.

“బాగా దంచినానా?” అని అడిగాడు చిన్నాయన.

“బాగా దంచినావు” అన్నాను. “తిను కన్నా” అని చెయ్యి ముందుకు చాచాను. తిన్నది. రెండో ముద్దా తిన్నది. అరచెయ్యి కూడా నాకింది.

సాయంత్రానికి నోరు వాచి, చొంగ కారుస్తూ గోడకు మూతి రాసుకుంటోందని కబురొచ్చింది. చింతాద్రిపేట పెళ్ళికి మా ముసలిదే పోయింది, కుంటకుండా. నాయన మోకాళ్ళ నొప్పి మరిచి తాడు పట్టుకుని ముందు నడిచాడు. పోతూ పోతూ చిన్నాయన వాకిలి ముందు నుంచే తీసుకుపోవాలని పట్టుబట్టాను. ఆయన అరుగు మీద తల పట్టుకుని కూర్చుని ఉండడం కళ్ళారా చూశాను. నాకు జాలి వేయలేదు, ఇప్పటికీ వేయదు.

మర్నాడు ఆయనే వచ్చి పిలిచాడు. గుర్రం రెండు రోజులుగా ఏమీ ముట్టలేదని, నా చేత్తో మజ్జిగైనా తాగించమని బతిమాలాడు. గిన్నెడు చల్లటి మజ్జిగ కలుపుకుని పోయాను. ఈసారి సకిలించలేదు. చెయ్యి దగ్గరికి పెట్టగానే తల ఎత్తి, తాడు ఉన్నంత మేరా వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని నిలబడింది.

“అదేంది పాపా, నీ చెయ్యి కూడా వద్దంటా ఉందే!” అన్నాడు చిన్నాయన. ఆయనకు పోయేదాకా ఆ సంగతి తెలియలేదు. గిన్నె ఆయన చేతికిచ్చాను. ఆయన పట్టుకుంటే మెల్లగా తాగింది. తర్వాత ఎన్నేళ్ళు ఆ వీధిలో పోయినా, నా చేతిలోంచి అది మళ్ళీ ఏదీ తినలేదు.