అతికించని చీటీ

నిన్న మా షాపు ఎదురుగోడకు పోస్టర్లు అంటించేవాళ్ళు వచ్చారు. అరసవల్లి రోడ్డులో నాది జిరాక్సు, బైండింగు షాపు. వాళ్ళ బకెట్లోని వాసన నేరుగా లోపలికి వచ్చేసింది. ఉడికించిన మైదా, పురుగు పట్టకుండా అందులో కలిపిన మైలుతుత్తం. ముప్ఫై ఏళ్ళుగా నేనూ అదే జిగురుతో పని చేస్తున్నాను, అయినా ఆ వాసన నాకు పడదు. కిటికీ మూశాను. ఉక్కపోతకు తట్టుకోలేక మళ్ళీ తెరిచాను. ఇక తవిటినాయుడు బాబాయ్‌ని తలచుకోక తప్పలేదు. ఆయన పోయి మూడేళ్ళయింది.

ఆయన నాకు చుట్టం కాదు. సైన్యంలో తుపాకులు బాగుచేసే పని చేసి, హవల్దారుగా రిటైరై, మా వెనక వీధిలో ఇల్లు కట్టుకున్నారు. పాత యుద్ధాల నాటి రైఫిళ్ళను లైసెన్సుతోనో, పేలకుండా చేయించుకునో ఇళ్ళల్లో దాచుకునే మోజున్నవాళ్ళు దేశంలో కొందరుంటారు. తుపాకీతో పాటు అప్పట్లో సైన్యం వేసిన మాన్యువల్ కూడా వాళ్ళకు కావాలి. ఏ భాగం పేరేమిటి, ఏది ఎంత అరిగితే పక్కన పెట్టాలి అన్నీ అందులో ఉంటాయి. దొరకని అలాంటి పుస్తకాలను వెతికిపెట్టడం బాబాయ్ పెట్టుకున్న పని. చిరిగినవి నా దగ్గరికి తెచ్చేవారు. బైండింగు మా నాన్న నేర్పాడు గానీ, పని ఎలా చేయాలో నేను నేర్చుకున్నది ఈయన దగ్గరే.

మొదటిసారి తెచ్చిన పుస్తకం నిండా చిన్న చిన్న చీటీలు అతికించి ఉన్నాయి. అందంగా తయారుచేద్దామని నేను వాటిని తడిపి ఊడదీయబోయాను. బాబాయ్ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏటి సేస్తన్నావమ్మీ?"

"మురిగ్గా ఉన్నాయి గదా బాబాయ్. కొనేవోళ్ళు సుబ్బరంగా ఉన్నదే అడుగుతారని నువ్వే సెప్పినావు."

"అడిగితే అడగనీ. పుస్తకం అచ్చేసినాక తప్పులు తెలుస్తాయి. అప్పుడు పైనుంచి స్లిప్పు వస్తాది. ముందు దాన్ని పేజీలో అతికించాల. ఆ తరవాత మొదటి పేజీలో ఉన్న పట్టీలో సంతకం ఎట్టాల. ఈ వరస మాత్రం తప్పకూడదు."

ఎందుకంత గట్టిగా చెబుతున్నారో నాకప్పుడు అర్థం కాలేదు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

నెలకోసారి సాలూరు వెళ్ళేవారు. కొన్నిసార్లు నన్నూ తీసుకెళ్ళేవారు. రాయపూర్ వైపు నుంచి పాత కాగితాలు వేసుకొచ్చే లారీలు అక్కడ ఆగుతాయి. ఒక్కొక్క షెడ్డు దగ్గర నిలబడి, డ్రైవర్లకు పుస్తకం అట్ట ఎలా ఉంటుందో, ముద్ర ఎక్కడ ఉంటుందో ఓపిగ్గా చెప్పేవారు. వాళ్ళు ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు. "ఏటి మావా, తుపాకీ లేదు గానీ పుస్తకమా? దాంతో పిట్టలు పడతాయేటి?" అనేవాడు ఒకడు. "పడవురా. నువ్వు తెచ్చియ్యి సాలు" అనేవారు. ఎండలో తిరిగి తిరిగి నా కాళ్ళు పీకేవి. ఆయన మాత్రం ఇంకొక్క షెడ్డు, ఇంకొక్కటి అంటూనే ఉండేవారు.

ఒకసారి తిరుగు బస్సులో విసుగొచ్చి అడిగేశాను, ఎవరి మోజు కోసమో ఇంత తిరుగుడు దేనికని. బొబ్బిలి దాటాక చెప్పారు. ఆయన కుర్రతనంలో, యూనిట్‌లో ఒక పాత రైఫిల్ పేలి ఎర్రయ్య అనే సిపాయికి కన్ను పోయింది. భోగాపురం దగ్గర సముద్రం మీద బతికే ఇంటివాడు. అరిగిన ఒక భాగాన్ని ఇక వాడకూడదని అంతకుముందే చీటీ వచ్చింది. విచారణలో అధికారులు పట్టీ చూశారు. చీటీ అతికించినట్టు బాబాయ్ సంతకం ఉంది. కాబట్టి తుపాకులు చూసే ఆర్మరర్ తప్పు లేదు, సిపాయే అజాగ్రత్తగా కాల్చాడని రాసేశారు. లోపలి పేజీ ఎవరూ తిప్పలేదు.

"ఆ దినం స్లిప్పులు ఒక కట్ట వొచ్చినాయమ్మీ. అన్నీ అతికించినాకే సంతకం ఎట్టినానో, సంతకాలు ఎట్టేసి అతికిద్దామనుకున్నానో గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. మా యూనిట్ పాత పుస్తకాలు రాయపూర్ యాపారికి తూకానికి పోనాయని తెలిసింది. ఆ ఒక్కటీ నాను సూడాల."

ఆ తర్వాత నేనెప్పుడూ విసుక్కోలేదు.

అది దొరకనే దొరికింది. బాబాయ్ కంటి ఆపరేషన్ చేయించుకుని పచ్చకళ్ళద్దాలతో ఇంట్లో ఉన్నప్పుడు, ఒక డ్రైవర్ మా షాపులో ఇచ్చి వెళ్ళాడు. యూనిట్ ముద్ర ఉంది. పట్టీలో వరసగా బాబాయ్ సంతకాలున్నాయి. ఆయన చెప్పిన పేజీ తిప్పాను. ఖాళీ. అక్కడేమీ అతికించలేదు.

అదే మాన్యువల్ చిరిగిన కాపీ ఒకటి నా దగ్గరుంది, అందులో ఆ చీటీ కూడా ఉంది. జాగ్రత్తగా ఊడదీసి, ఈ పేజీలో అతికించాను. రెండు రోజులు బరువు కింద పెట్టాను. పెద్దాయన ఉన్న నాలుగు రోజులైనా నిద్రపోతారు కదా అనుకున్నాను. ఇందులో ఎవరికి నష్టం అని కూడా అనుకున్నాను. ఎర్రయ్య నాకు గుర్తే రాలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బాబాయ్ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. కళ్ళు సరిగ్గా ఆనక, చీటీ అంచుల వెంట వేలు పోనిచ్చారు. తర్వాత పుస్తకాన్ని ముక్కు దగ్గరికి తీసుకున్నారు.

"మిలట్రీలో గోందు బంక ఎట్టేవోళ్ళం. ఇది మీ నాన్న మైదా వాసన."

తువ్వాలు తడిపి తెమ్మన్నారు. నా చేతనే చీటీ ఊడదీయించారు. తడి ఆరాక పేజీని వెలుతురుకు పట్టి, పాత జిగురు మరక ఏమైనా ఉందా అని అడిగారు. లేదన్నాను. "మళ్ళీ సూడు" అన్నారు. మళ్ళీ చూసి, లేదనే చెప్పాను. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"రేపు బోగాపురం ఎల్దాం. నువ్వూ రా" అన్నారు.

విమానాశ్రయం పనుల లారీల దుమ్ములోంచి ఆటో సముద్రం వైపు వెళ్ళింది. ఎర్రయ్య ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. బాబాయ్‌ని గుర్తుపట్టి మంచం చూపించాడు. బాబాయ్ కూర్చోలేదు. పుస్తకం తెరిచి, ముందు సంతకం, తర్వాత ఖాళీ పేజీ చూపించారు.

"తప్పు నాది ఎర్రయ్యా. నాను అతికించకుండా సంతకం ఎట్టినాను. నువ్వేటీ సెయ్యలేదు."

ఎర్రయ్య చేతిలో వల అలాగే ఉండిపోయింది. కొడతాడేమోనని నాకు భయమేసింది. అతను లోపలికి తిరిగి భార్యను పిలిచాడు.

"ఓలె, ఇటు రా." ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎర్రయ్య బాబాయ్ వైపు తిరిగాడు. "నా సేతకానితనం వల్లే కన్ను పోనాదని మా అమ్మ సచ్చిందాకా అన్నాది. ఇదీ అంతాది. మా అన్న పిల్లలు కూడా అంతారు. మళ్ళీ సెప్పు బాబూ. ఇది ఇనాల."

బాబాయ్ మళ్ళీ చెప్పారు. పక్కింట్లోంచి అన్నను పిలిపిస్తే, మూడోసారీ చెప్పారు. ఒక్క మాట కూడా తగ్గించలేదు. ఆ తర్వాత నా పెన్ను అడిగి తీసుకుని, పట్టీలో ఆ ఒక్క సంతకాన్ని అందరి ముందూ కొట్టేశారు. క్షమించానని ఎర్రయ్య అనలేదు. ఆటో దాకా మాత్రం వచ్చాడు.

ఆ పుస్తకం ఇప్పుడు నా బీరువాలో ఉంది. మోజున్నవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతారు. ఇవ్వనని చెబుతాను. ఊడదీసిన చీటీ పేజీల మధ్య విడిగానే ఉంది.

ఈ మధ్య ఆఫీసుల పాత రికార్డులు బైండింగుకు వస్తున్నాయి. పేజీలన్నీ ఉన్నాయని సంతకం పెట్టి మరీ ఇవ్వాలి. పొద్దున వచ్చిన అటెండరు తొందరపెట్టాడు. "ఎట్టీమ్మా సంతకం. ఇయన్నీ ఎవులు తిప్పి సూస్తారు?" నడుం లాగేస్తోంది, ఇంకా ఆరు కట్టలున్నాయి. అతనికి స్టూలు చూపించి, పెన్ను పక్కన పెట్టి, మొదటి పేజీ తిప్పాను.