చివరి గడిలో గీత

కాగితాలకు ఇస్త్రీ చేయడం నేను కువైట్‌లో నేర్చుకున్నాను. నేను పనిచేసిన అమెరికా ఆవిడకు ఆమె దేశం నుంచి పోస్టులో నకళ్లు వచ్చేవి. పాత దస్తావేజులు, వీలునామాలు, జనాభా లెక్కల పుటలు. అన్నీ మడతలు పడి ఉండేవి. వేడి ఎక్కువైతే అక్షరాలు ఊడి గుడ్డకు అంటుకుంటాయి కాబట్టి పైన పలచటి పాత చున్నీ పరిచి, ఇస్త్రీపెట్టె గోరువెచ్చగా ఉన్నప్పుడే మెల్లగా రుద్దేదాన్ని. తర్వాత ఆవిడ వాటిని హాల్లో నేల మీద పరిచి, ఏసీ గాలికి లేవకుండా కందిపప్పు డబ్బా, టీ గ్లాసులు బరువు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని చదివేది.

ఇళ్లలో పనిచేసేవాళ్లందరిలాగే నేనూ ఆవిడను మామా అనేదాన్ని, అక్కడ అమ్మగారని అర్థం. ఆవిడ తండ్రి తరఫు వాళ్లు ఎప్పుడో రెండు వందల ఏళ్ల కిందట అడవి నరికి పొలం చేసుకున్న రైతులు. గోధుమలు వేశారు, మొక్కజొన్న వేశారు, పందులను మేపారు. పందుల మాట వచ్చినప్పుడు మాత్రం నా ముఖం చూసి గొంతు తగ్గించేది. నాకు నవ్వొచ్చేది. ఒకళ్ల నమ్మకాన్ని అంతగా గుర్తుపెట్టుకునే మనిషి దగ్గర నాకు అన్నం పెట్టించినందుకు అల్లాకు ఎన్ని షుక్రులు చెప్పినా తక్కువే.

ఆవిడ భర్త ఇంజనీరు. ఆ ఏడు రంజాన్ పండుగ అయిన కొన్నాళ్లకు గుండె ఆగి పోయాడు. ఆయనను సొంత దేశానికి పంపించి, ఆవిడ సామాను సర్దుకోవడానికి ఆగింది. సర్దడం తెమల్లేదు. సగం కట్టిన పెట్టెల మధ్య కూర్చుని మళ్లీ ఆ కాగితాలే చూసుకునేది.

నేను బడికి పోలేదు. రాయచోటిలో జేజి, మా నాయనమ్మ, ఇంట్లోనే కూర్చోబెట్టి ఖురాను, తెలుగు అక్షరాలు నేర్పింది. ఇంగ్లీషు చదవలేను. కానీ ఒక పుటలో అక్షరాలకంటే గీతలే ఎక్కువున్నాయి. గీతలు చదవడానికి బడి అక్కర్లేదు కదా. ఏమిటివి మామా అని అడిగాను.

ఆవిడకు వచ్చిన అరబ్బీలో, నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. ఆ కాలంలో లెక్కలు రాసేవాడు ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాసేవాడట. మిగతా వాళ్లంతా వయసును బట్టి గడుల్లో గీతలు. పెళ్లాం ఒక గీత. కూతుళ్లు మూడు గీతలు. అన్నిటికీ చివర, విడిగా ఒక గడిలో, ఒకే ఒక్క గీత ఉంది.

"ఇదెవరు?" అన్నాను.

"పేరు రాయలేదు."

"అడగలేదా?"

 ఆ గడి బానిసలుగా కొన్న మనుషులదని చెప్పింది ఆవిడ. ఆ ఇంటి పెద్ద రాసిన వీలునామా కూడా తీసి చూపించింది. పెళ్లానికి ఒక పరుపు, ఒక రాట్నం, ఒక ఆడగుర్రం, ఒక పిల్ల. గుర్రానికి పేరుంది. పిల్లకు లేదు.

"మా తాతల తాత," అని, ఆ కాగితాన్ని అన్నిటికంటే అడుగున పెట్టేసింది.

ఇంకొక మాట కూడా చెప్పింది. తలుపు తీసేవాళ్లు లేకపోతే లెక్కలవాడు పక్కింటివాళ్లను అడిగి రాసుకుని పోయేవాడట. "ఇందులో ఉన్నది నిజం కాదు. గడప దగ్గర ఎవరో ఒకరు చెప్పింది," అంది. అప్పుడు ఊకొట్టి ఊరుకున్నాను. ఆ మాట నన్ను ఎంత భయపెట్టబోతోందో అప్పుడు తెలియదు.

ఆ ఆగస్టులో ఇరాక్ ట్యాంకులు వచ్చాయి. కొద్ది రోజుల్లోనే తెల్లవాళ్లను ఇళ్లలోంచి ఎక్కించుకుని పోతున్నారనీ, వాళ్లను దాచిన వాళ్లను ఉరి తీస్తారనీ తెలిసింది. మా ఆయన షువైఖ్‌లో ఒక గ్యారేజీకి డ్రైవరు. మేము ఖైతాన్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. ఆవిడను మా ఇంటికి తెస్తానన్నప్పుడు ఆయన చెంచా కింద పెట్టేశాడు.

"ఏమే, ఊర్లో ఇద్దరు బిడ్డలుండారు మనకు. ఉరి తీస్తామంటాండారు, వింటాండావా?"

"వింటాండా."

"మరి?"

"ఆమె ఉప్పు తిన్నాం గదా."

"ఉప్పు తింటే మెడకు తాడు తగిలించుకోవాల్నా?" అన్నాడు. అంటూనే లేచి పికప్ తాళాలు తీసుకున్నాడు. అలాంటి మనిషిని నాకు మొగుడిగా ఇచ్చినందుకు ఆ రోజు రెండు రకాతులు ఎక్కువ నమాజు చదివాను.

నా నల్ల అబాయా, ముఖానికి ముసుగు వేసి ఆవిడను తెచ్చాం. వంటగది పక్కనున్న గదికి తలుపు లేదు. పాత దుప్పటి తెరగా కట్టాం. ఆవిడ తెచ్చుకున్నది ఒకే సంచి. అందులో బట్టలు తక్కువ, కాగితాలు ఎక్కువ. మా ఆయన వాటి మీది ఇంగ్లీషు ముద్రలు చూసి, "ఇవి దొరికినాయంటే ఖలాస్," అన్నాడు. ఆవిడే బాత్రూంలో ఇనుప బకెట్లో ఒక్కొక్కటీ వేసి కాల్చింది. ముత్తాతలు, వాళ్ల పొలాల హద్దులు, గీతలు, గుర్రం, అన్నీ. చివరి గడి ఉన్న కాగితాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూసి, దాన్నీ వేసింది. నేను ఇస్త్రీ చేసిన కాగితం మళ్లీ మడతలు పడుతూ నల్లబడింది.

వాసన పక్కింటికి పోయింది. పక్కింట్లో రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. రిగ్గైలో వంటమనిషి. వాళ్ల మామా కుటుంబం ఎండాకాలానికి విదేశం పోయి అక్కడే ఉండిపోవడంతో తన చిన్నమ్మ కూతురి దగ్గరికి చేరింది. ఆమె ఎక్కడికి వచ్చినా ముందు గాజుల చప్పుడు వచ్చేది. రెండు చేతులకూ మోచేతి దాకా ఎర్ర గాజులు. నన్ను వదినా అనేది. నోరు మంచిదే, కానీ ఊరుకోదు.

"ఏంది వదినా, పెండ్లి పత్రికలు కాలుస్తాండారా?" అంది గుమ్మంలో నిలబడి.

"పాతవి వదినా."

"కాగితాల కంపు నాకు తెలీదా?" అని ముక్కు ఎగబీల్చి తెర వైపు చూసింది. "రాత్రి మీ ఇంట్లో దగ్గు వినపడింది. నీ దగ్గు గాదు, అన్న దగ్గు గాదు."

తెరకు అడ్డంగా జరిగాను. నేను ఏమీ అనకముందే నవ్వింది. "నాకేంలే. ఎవురన్నా అడిగితే వీళ్లింట్లో దయ్యముండాది అని చెప్తా. గాజుల చప్పుడు లేని దయ్యం."

ఆ మాట తర్వాత నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. గడప దగ్గర ఎవరో ఒకరు చెప్పింది అన్న ఆవిడ మాటే చెవుల్లో తిరిగేది. మా మెడలు పక్కింటామె నాలుక మీద ఉన్నాయనిపించేది. ఆమె గాజులు మెట్ల మీద గలగలమంటే దువా ఆపి వినేదాన్ని.

ఒక మధ్యాహ్నం నిజంగానే లెక్కలు రాసేవాళ్లు వచ్చారు. ఒక ఇరాకీ అధికారి, ఇద్దరు సిపాయిలు. కింది అంతస్తు నుంచి ఇంటింటికీ వచ్చి ఎంతమంది, ఏ దేశం అని రాసుకుంటున్నారు. మా గుమ్మంలో అధికారి అట్ట మీద కాగితం పెట్టుకుని అరబ్బీలో అడిగాడు. మా ఆయన ఇద్దరి ఇఖామాలూ, ఆ దేశంలో ఉండటానికి ఇచ్చే కార్డులు, చూపించాడు. అధికారి తెరను చూశాడు.

"లోపల ఎవరు?"

అబద్ధం ఆడనని చిన్నప్పుడు జేజి చేతిలో చెయ్యి వేసినదాన్ని. ఆ క్షణంలో అల్లాయే నా నోట్లో ఆ మాట పెట్టాడు. "మొగుడు పోయిన ఆడమనిషి. ఇంకా గడువు తీరలేదు," అన్నాను.

మా వాళ్లలో మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంటుంది. పరాయి మగవాళ్ల కంటపడదు, నగ పెట్టుకోదు. ఇది ఇరాకీలకూ మాకూ ఒకటే. ఆవిడ మొగుడు పోయిన మాట నిజం, నాలుగు నెలలు నిండలేదన్న మాటా నిజం. ఆవిడ మా మతం కాదన్న మాట అతను అడగలేదు.

"ఎప్పుడు పోయాడు?"

"రంజాన్ పండుగ అయినాక."

అతని పెదవులు కదిలాయి. లెక్క వేసుకున్నాడని నాకు అర్థమైంది. పేరు అడగలేదు. కాగితం మీద చివర ఒక గీత గీశాడు. "అల్లాహ్ యర్‌హమూ," అని పోయినవాడి కోసం దువా చేసి, పక్క తలుపు కొట్టాడు.

పక్క తలుపు దగ్గర గాజులు గలగలమన్నాయి. "పక్కింట్లో ఎవరెవరుంటారు?" అని అతను అడగడం గోడకు చెవి పెట్టి విన్నాను. ఆమె వచ్చీరాని అరబ్బీలో, "మొగుడు, పెళ్లాం, ఇంకొక పాపం మనిషి. ఎప్పుడూ ఏడుస్తాది," అంది.

తెర వెనకకు పోయి చూస్తే ఆవిడ గోడకు ఆనుకుని నోట్లో గుడ్డ కుక్కుకుని ఉంది. దగ్గు ఆపుకోవడానికి. గీత గీశాడని చెప్పాను. గుడ్డ తీసి, "చివరి గడిలోనా?" అంది.

కొన్నాళ్లకు తెల్ల ఆడవాళ్లనూ పిల్లలనూ పోనిస్తారన్న కబురు వచ్చింది. అది ఎర ఏమోనని మా ఆయనకు అనుమానం. ఆవిడకు మాత్రం అంతకంటే మా మెడలమీదే బెంగ. ఇద్దత్ తీరిపోతే తెరకు అర్థముండదని తనకూ తెలుసు. పొద్దున్నే అబాయా వేసుకుని మా ఆయన వెంట మెట్లు దిగింది. దిగే ముందు నా మణికట్టు పట్టుకుని, కాగితాలు పోయినా పేరు లేని ఆ పిల్లను వెతుకుతానంది. విమానం ఎక్కేవాళ్ల బస్సులో ఆవిడ కూర్చోవడం చూసి మా ఆయన సాయంత్రానికి వచ్చాడు. అల్హమ్దులిల్లా అని తెర విప్పబోయాను. ఆయనే, "రెండు దినాలు ఉండనీలే," అన్నాడు. ఆ మాటకు కూడా ఆయనకు రుణపడి ఉన్నాను.

మరుసటి రోజు మా ఆయన ఇంట్లో లేడు. గాజుల చప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"వదినా, ఆ రాసుకుపొయ్యినోడు వచ్చినాడు. ఈ బిల్డింగులోనుంచి తెల్ల ఆడమనిషి దిగిపొయ్యిందని ఎవురో చెప్పినారంట. ముసుగు జారితే చూసినారంట. తెర వెనక ఎవురుండారో చూడాలంటాండాడు."

 తెర వెనక ఖాళీ చాప ఉంది. అతని కాగితం మీద గీత ఉంది. ఆ గీత ఎక్కడ అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏ నిజమూ లేదు.

కింద బూట్లు మెట్లెక్కుతున్నాయి. ఆమె నన్ను చూసింది, తెరను చూసింది. తర్వాత బొట్టు బిళ్ల తీసి నా తలుపుకు అంటించింది, చూపుడు వేలితో గట్టిగా నొక్కి, అది అక్కడే ఉండాలన్నట్టు.

"నీ నోటితో అబద్ధం చెప్పవు గదా," అంది. "నా చేత్తో చెప్పిస్తాండావు."

గాజులు తియ్యబోయింది. చెమటకు రాలేదు, అయినా ఎర్ర గాజులు మోచేతి దాకా ఎక్కించుకున్నవి అంత తొందరగా ఎలా వస్తాయి? నా అల్లం దంచే రోలు దగ్గర కూర్చుని చెయ్యి అంచున పెట్టింది. ఏమి చేయబోతోందో అప్పుడు అర్థమై, "వద్దు వదినా!" అన్నాను. మొగుడు బతికుండగా గాజులు పగలగొట్టుకోవడమంటే వాళ్లలో ఏమిటో నాకు తెలుసు. ఊర్లో ఆ చప్పుడు విని ఆడవాళ్లు తలుపులు మూసుకోవడం నేను చూశాను.

"గమ్మునుండు. కొంగు నోట్లో పెట్టు, ఏడుస్తావు," అంది. రోలు అంచున కొట్టింది, ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి.

ఆమె తెర వెనకకు దూరి, నేను గాజుముక్కలు కొంగులోకి ఊడ్చి బియ్యం డబ్బాలో పోసేటప్పటికి తలుపు మోగింది. ఈసారి అధికారి దువా చేయలేదు. తెర ముందు నిలబడి, "చెయ్యి చూపించమను," అన్నాడు.

తెర కింద నుంచి ఒక చెయ్యి వచ్చింది. నల్లటి, వంటపని చేసిన, బోసి చెయ్యి. మణికట్టు మీద గీరుకుని రెండు రక్తపు చుక్కలు. అతను వంగి చూశాడు. ఆ చుక్కలనూ చూశాడు. నా వైపు తిరిగాడు, ఏదో అడగబోయినట్టు. అప్పుడు తెర వెనక ఆమె ఏడ్చింది. అది నటన అనుకున్నాను. గొంతు వింటే కాదు.

అతను కాగితం మీద ఏదో రాసుకుని బయటికి పోయాడు.

తెర ఎత్తి లోపలికి పోయాను. ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకుని ఉంది. మంగళసూత్రం పిడికిట్లో బిగించి పట్టుకుంది. పసుపు అద్దితే చెయ్యి మండి ఉస్సుమంది.

"ఊర్లో ఆయనకేం గాదు గదా?"

ఫోన్లు లేవు. ఉత్తరాలు లేవు. "అల్లా చూసుకుంటాడు," అన్నాను.

"మీ దేవునికి మా ఆయన యాడ తెలుసు?"

"పేరు చెప్పు వదినా. సాయంత్రం మగ్రిబ్ దువాలో తెలుపుతా."

వాళ్లలో మొగుడి పేరు నోటితో అనరు. అంటే ఆయుష్షు తగ్గుతుందంటారు. నాతో ఎన్నిసార్లు మాట్లాడినా ఆయన "మా పొట్టోడు" మాత్రమే. ఆమె నా ముఖం చూసింది, బోసి చేతులు చూసుకుంది. "అన్నీ అయినాయి, ఇదొకటి మిగిలింది," అని కొంచెం నవ్వబోయింది.

కింద వాళ్ల లారీ ఇంకా కదల్లేదు. ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది. ఆ చప్పుడులో ఎవరికీ వినబడకుండా నా చెవి దగ్గరికి వంగి, ఆమె మొగుడి పేరు చెప్పింది.