తమ్ముడి గీత

మొన్న ఆదివారం మా మనవరాలు తన ఫోన్‌ను నా కళ్ళజోడు దాకా తెచ్చి, "అమ్మమ్మా, జర చూసి చెప్పు, ఎట్లుంది?" అని అడిగింది. పిల్లలను పొలాలకూ అడవులకూ తీసుకుపోయి చదువు చెప్పే ఒక సేవాసంస్థకు పాత గుర్తు తీసేసి కొత్తది తయారుచేసే పని వాళ్ళ కంపెనీకి వచ్చిందట. తెలుపు మీద లేత ఆకుపచ్చ ఆకు, పక్కన సన్నని అక్షరాలు. బాగుందనే చెప్పాను, నిజంగా బాగుంది కూడా. కానీ చెబుతున్నంతసేపూ నా కళ్ళముందు మాత్రం అనంతగిరి వాలులో నిలబెట్టిన ఒక తాండూరు బండ, దాని మీద మా అత్తమ్మ వేలితో ఎర్రమట్టి జాజు అద్ది గీసిన గుర్తు కదలాడుతూనే ఉన్నాయి.

మా మేనమామ తాండూరులో పంతులు. నాలుగు గోడల మధ్య చెప్పిన చదువు గోడలకే అంటుకుంటుందని ఆయన నమ్మకం. అందుకే తనలాంటి మరికొందరిని పోగుచేసి ఒక సంఘం పెట్టి, సెలవుల్లో పిల్లలను రైలెక్కించి వికారాబాదులో దింపి, అక్కడినుంచి గుట్టకు నడిపించి, చెట్ల పేర్లూ రాళ్ళ రకాలూ మూసీ పుట్టిన చోటూ చూపించేవాడు. చదువు ముగించుకుని ఇంట్లో ఊరికే కూర్చోవడం నచ్చక నేనూ ఆయన వెంట పడ్డాను. ఆయన ఒకప్పుడు స్కౌటుల్లో తిరిగిన మనిషి కాబట్టి మా గుడారాలు ఖాకీ, భుజాల మీది పట్టీలు ఖాకీ, గుట్ట కింద బోర్డు కూడా ఖాకీ, దాని మీద అడ్డంగా రెండు కర్రలు.

పట్నం పిల్లలు సంతోషంగా వచ్చేవాళ్ళు గానీ, సంఘం పెట్టిందే ఎవరి కోసమో ఆ పల్లె పిల్లలు మాత్రం ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు. మేము ఊళ్ళోకి అడుగుపెడితే చాలు, తల్లులు పిల్లలను లోపలికి లాగి తలుపులు వేసుకునేవాళ్ళు. నా వయసువాళ్ళకు ఎందుకో చెప్పనక్కరలేదు. రజాకార్ల రోజులూ, ఆ వెనకే వచ్చిన సైన్యమూ పోయి ఏళ్ళు గడిచినా, ఖాకీ బట్ట కనిపిస్తే జనం గుండెల్లో రాయి పడేది. ఇంతలో మాకు ఆసరాగా ఉన్న హైదరాబాదు పెద్దమనుషులు, ఈ చలికాలం శిబిరానికి కూడా పల్లె పిల్లలు రాకపోతే గుట్ట మీద మాకిచ్చిన వసతి మూసేస్తామని కబురు పెట్టారు. మామ అన్నం సగంలోనే లేచిపోయేవాడు.

అప్పుడు మా అత్తమ్మ, ఆయన భార్య, కంచం తీస్తూనే అసలు మాట అనేసింది. "గా ఖాకీ జూస్తె నాకే దడ పుడ్తది. పోరగాళ్ళెట్ల వస్తరయ్యా?" మామకు ముందు ముక్కు మీద కోపం వచ్చింది, తర్వాత ఆలోచన వచ్చింది. బోర్డు పీకేసి, తాండూరు నుంచి ఒక నాపరాయి బండ తెప్పించాం. గుర్తు కూడా ఈ మట్టిదే కావాలని అత్తమ్మ జాజు కలిపి, గుట్ట అని ఒక మలుపు గీత, దాని కింద బిడ్డ అని ఒక చుక్క పెట్టింది. గుడారాలకు తెల్ల గుడ్డలు కప్పి వాటి మీదా అదే గుర్తు వేశాం. మామ దూరంగా నిలబడి చూసి చూసి, ఖాకీ కంటే నయమేనని ఒప్పుకున్నాడు.

శిబిరం మొదలైన నాడు పొద్దెక్కినా పిల్లలెవరూ రాలేదు. వచ్చిందల్లా ఒక ముసలి గొర్లకాపరి, అతని వెనక ఒక గొర్రె. "మీ మందల గొర్రె తప్పిపోయొచ్చి మా దాంట్ల కలిసిందమ్మా. గుర్తు జూసి తోల్కొచ్చిన," అన్నాడు. దగ్గరికి వెళ్ళి చూశాం. గొర్రె వీపు మీద అచ్చం మా గుర్తే, అదే మలుపు, అదే చుక్క. ఆ వైపు కాపర్లలో ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు ఉంటుందనీ, బొచ్చు కత్తిరించినప్పుడల్లా దాన్ని మళ్ళీ వేస్తారనీ, తప్పిపోయిన జీవాన్ని ఆ గుర్తున్న మందకే అప్పజెప్పడం ఆనవాయితీ అనీ అతను చెప్పాడు. అది కుల్కచర్ల వైపు కాపర్లకు పెద్దయిన ఒక పెద్ద కాపు ఇంటి గుర్తట. వాళ్ళిక్కడ కొత్త మంద పెట్టారనుకుని, ఇది పిల్లల శిబిరమని తెలియక ఊరంతా మా వంక రాలేదు.

ఒకరింటి గుర్తు వాడుకున్నామంటే ఆ ఇంటి పరువు తీసినట్టే. ఆ ఇంటివాళ్ళ మంద అప్పుడు గుట్ట కింద పొలాల్లోనే దిగి ఉంది. కబురందుకుని మర్నాడు ఆ ఇంటి పెద్దావిడే కర్ర పట్టుకుని, కొడుకులను వెంటబెట్టుకుని వచ్చింది. మామ చేతులు జోడించి నిలబడ్డాడు. సంఘం సంగతి సరే, దెబ్బలు పడకుంటే చాలని నేను లోపల దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను.

ఆవిడ బండ చుట్టూ తిరిగింది. అత్తమ్మ వేళ్ళకంటిన జాజు చూసింది. గొర్రె మెడ నిమిరి, దానికి మేము వేసిన మేత చూసింది. "గీక్కుంటె గీక్కుంటిరి గని, గిట్ల ఉంచొద్దు," అంది చివరికి. "మా ఇంట్ల తమ్ముడు వేరుబడితె అన్న గుర్తుకు ఒక గీత కలుపుకుంటడు. మీరు గూడ కలుపుకోండ్రి, ఇగ ఫికర్ లేదు." అని తనే వంగి, జాజులో వేలు ముంచి, చుక్క కింద ఒక అడ్డగీత లాగింది.

నాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. మామ ఆ బండ పక్కనే కూలబడి, ఎన్నాళ్ళకో కడుపునిండా ఊపిరి పీల్చుకున్నాడు. మరునాడు పొద్దున ఆవిడ మనవలు, మనవరాళ్ళు వచ్చారు, వాళ్ళను చూసి పక్క ఊళ్ళ పిల్లలూ వచ్చారు. పెద్ద కాపు ఇంటికి తమ్ముడి మంద అని పేరు పడ్డాక మమ్మల్ని చూసి తలుపు వేసుకున్న ఇల్లు లేదు. ఆ రోజు కలిగిన నిశ్చింత తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు తేలికవుతుంది. వసతి మూతపడలేదు, మామ పోయేదాకా నడిచింది.

ఇప్పటి గుర్తులు ఎంతో అందంగా ఉంటాయి. ఒకరిది ఒకరు వాడితే వకీళ్ళ నోటీసులు వస్తాయని మా మనవరాలే చెప్పింది, అదీ న్యాయమే కావచ్చు. మేము మాత్రం ఒకరి గుర్తు తెలియక వాడుకుని, ఆ ఇంటికి తమ్ముళ్ళమయ్యాం. మనవరాలి ఆకు గుర్తును మళ్ళీ ఒకసారి చూశాను. దాన్ని చూసి ఎవరైనా తప్పిపోయిన గొర్రెను తోలుకొచ్చి అప్పజెబుతారా అని అడుగుదామనుకున్నాను, కానీ పిల్ల అప్పటికే ఫోన్ తీసుకుని వెళ్ళిపోయింది.