వరండాలో బస్టాపు

బస్సు రాకపోతే ఒక ఊళ్లో ఏమేం ఆగిపోతాయో నా చిన్నప్పుడే కళ్లారా చూశాను. అందుకే పోయిన నెల మా నల్లగండ్ల సందుల్లోకి వచ్చే బస్సును పెద్ద రోడ్డు మీదుగా అద్దాల మేడల వైపు మళ్లించారని తెలిసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది ఆ సంగతి గమనించనే లేదు. అందరికీ కార్లున్నాయి. నాకు చెప్పింది మా ఇంట్లో పనిచేసే అమ్మాయి. ఆటోలు మారి వస్తున్నానని, ఆలస్యమవుతోందని పై అంతస్తు వాళ్లు పని మాన్పించేశారని, గిన్నెలు తోముతూ తల తిప్పకుండా చెప్పింది. ఎవరు మార్చారే అని అడిగితే, "ఏమో అమ్మా, ఎవ్వలు చెప్పలే. పొద్దుగాల పోయి నిలవడ్డం. రాలే," అంది.

ఎన్నో ఏళ్ల కిందట, నానక్‌రామ్‌గూడలో, మా మేనత్త కూడా ఇదే మాట అంది. ఇంత కాలం గడిచినా మాట మారలేదే అనిపించి ఆ పూట నాకు అన్నం సహించలేదు.

నానక్‌రామ్‌గూడ అంటే ఇప్పటివాళ్లకు తల ఎత్తి చూడాల్సిన భవనాలు గుర్తొస్తాయి. మాకు అది జొన్నచేలు, జామతోటలు, ఏనుగుల్లా పడుకున్న రాతిగుండ్లు ఉన్న పల్లె. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊరి చావడి దాకా ఎర్ర బస్సు వచ్చేది. మా మేనత్త రోజూ ఆ బస్సులోనే మెహదీపట్నం వెళ్లి పండ్లు అమ్మేది. ఆమె భర్త ఇంకొకామెను ఇంటికి తెచ్చుకుంటే, గొడవ పడకుండా తన చీరలు మూట కట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. వచ్చిన మర్నాటి నుంచే గంప ఎత్తింది. జామకాయల కాలంలో జామకాయలు, గుట్టల మీద సీతాఫలాలు కళ్లు తెరిచే కాలంలో సీతాఫలాలు. పొడుగు మనిషి. ఇంట్లో ఆమె గొంతు పెద్దగా వినపడేది కాదు. మా నాన్న మాత్రం ఆమె మాటను తీసేసేవాడు కాదు.

ఆమె ఆ బస్సులో వెళ్తుంది గనుకే నన్ను టోలిచౌకి దగ్గరి బడికి పంపడానికి మా నాన్న ఒప్పుకున్నాడు. నాతోపాటు మా పక్కింటి అక్క కూడా వచ్చేది. నాకంటే రెండు మూడు తరగతులు పైన చదివేది. బస్సు కుదుపుల్లో కూడా నా జడ చక్కగా అల్లేది. దవాఖానలో తెల్ల బట్టలు వేసుకున్న నర్సమ్మను ఒకసారి చూసిందట, తానూ అలా అవుతానని నాకు ఒక్కదానికే చెప్పింది. మా ఊరి నుంచి ఆడపిల్లలు అంత దూరం చదువుకు వెళ్లడం అదే మొదలు.

సీతాఫలాల కాలంలోనే ఒక సోమవారం పొద్దున బస్సు రాలేదు. చావడి దగ్గర గంపలు దించుకుని ఆడవాళ్లు, దవాఖానకు వెళ్లాల్సిన ఒక ముసలాయన, కడుపుతో ఉన్న ఒక వదిన, మేమిద్దరం నిలబడ్డాం. ఎండ ముదిరింది. చివరికి పట్నంలో పాలు పోసి సైకిల్ మీద తిరిగొస్తున్న ఒకాయన చెప్పాడు, బస్సు ఇక ఊళ్లోకి రాదని, చౌరస్తా నుంచే మళ్లి కొత్తగా కట్టిన ఆఫీసర్ల కాలనీకి వెళ్తోందని. మాకు ముందుగా చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇంట్లో కుక్కను బయటికి తోలినా చెప్పే తోలతారు.

మర్నాడు చౌరస్తా దాకా నడిచి వెళ్లాం. బస్సు వచ్చింది. కాలనీ వాళ్లతో నిండి ఉంది. కండక్టర్ మా గంపలు చూసి, చేయి అడ్డంగా ఊపి గంట కొట్టాడు. దుమ్ము మా మొహాల మీద కొట్టి వెళ్లిపోయింది. తర్వాతి రోజూ అంతే. పండిన సీతాఫలాలు ఇంట్లోనే పగిలి ఈగలు ముసిరాయి. వారం తిరగకుండానే మా నాన్న, "ఇగ బడి బంద్. ఆడివిల్లను రోడ్ల మీద నిలవెడ్తనా?" అన్నాడు. పక్కింటి అక్క వాళ్ల నాన్నా అదే అన్నాడు. అక్క ఏడవలేదు. పుస్తకాలను ఒక పాత చీరలో చుట్టి అటక మీద పెట్టింది. నేను మాత్రం నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చాను.

ఆ సాయంత్రం ఊళ్లో మగవాళ్లు కొందరు చౌరస్తా దగ్గర రాళ్లు కుప్ప పోసుకున్నారు. బస్సు అద్దాలు పగలగొడితే తెలిసొస్తుందన్నారు. నాకు వాళ్లు వీరుల్లా కనిపించారు. మా మేనత్త వెళ్లి ఆ కుప్ప మీద కూర్చుంది.

"డ్రైవర్ ఏం జేసిండురా? తిప్పమంటే తిప్పుతుండు. మీరు అద్దం పలగ్గొడితే పోలీసోళ్లు ఊర్లకొస్తరు, బస్సయితే రాదు. తిప్పమని చెప్పినోడు వేరే ఉన్నడు. ఆయన మొఖం చూసొస్త."

మర్నాడు ఆమె నన్ను వెంటబెట్టుకుని నడిచి, దారిలో ఒక లారీ ఎక్కి పట్నంలో బస్సుల ఆఫీసుకు వెళ్లింది. చాలాసేపు నిలబెట్టాక ఒక అధికారి లోపలికి పిలిచాడు. చెడ్డవాడిలా లేడు. అదే నన్ను ఇప్పటికీ మండిస్తుంది. ఫ్యాను కింద కూర్చుని, నవ్వుతూ, "మీ ఊర్ల ఎక్కేటోళ్లే లేరమ్మా. ఖాళీ బస్సు ఎందుకు తిప్పాలె?" అన్నాడు. రోజూ నిలబడే మనుషులం ఎదురుగా ఉండగానే లేమని చెప్పేశాడు. మా మేనత్త అరుస్తుందనుకున్నాను. ఆమె కొంగు సర్దుకుని, "అట్లనా సారూ. ఎక్కేటోళ్లను తోల్కొస్త," అని బయటికి వచ్చింది.

ఆ తర్వాతి రోజు తెల్లవారుతుండగా మా ఊరి నుంచి ఎడ్లబండ్లు కదిలాయి. గంపల ఆడవాళ్లు, దవాఖాన ముసలాయన, కడుపుతో ఉన్న వదిన, నేను. నన్ను తీసుకెళ్లడానికి మా నాన్న ఒప్పుకోకపోతే, "దీని బడి నువ్వు బంద్ చేసినవ్. నేను చేయలే," అని మేనత్త నన్ను చంకలో వేసుకున్నంత పని చేసి బండి ఎక్కించింది. పక్కింటి అక్కను వాళ్లింట్లో పంపలేదు. గడప దగ్గర నిలబడి మేం మలుపు తిరిగేదాకా చూసింది.

ఆఫీసు వరండాలో మా వాళ్లు గంపలు దించారు. స్తంభాలకు ఆనుకుని కూర్చున్నారు. చావడి దగ్గర ఎలా కూర్చునేవారో అచ్చం అలాగే, కాళ్లు చాపుకుని, తమలపాకులకు సున్నం రాసుకుంటూ. ప్యూన్ పరుగెత్తుకొచ్చి ఏందిది, ఏందిది అన్నాడు. మా మేనత్త ఎంతో మర్యాదగా చెప్పింది.

"బస్సు కోసం కూసున్నమయ్యా. మా ఊర్ల స్టాపు తీసేసిన్రు గదా. గీడనయితే బస్సు వచ్చేది కనవడ్తది. మీ పని మీరు చేసుకోండ్రి, మేం ఎవ్వల్నేమనం."

నిజంగానే ఎవరినీ ఏమీ అనలేదు. అదే వాళ్లకు మింగుడు పడలేదు. తిడితే తిట్టేవాళ్లు, రాళ్లు వేస్తే పట్టుకునేవాళ్లు. కూర్చున్న ముసలాయన దగ్గును ఏం చేస్తారు? గుమాస్తాలు మా కాళ్లు దాటుకుంటూ లోపలికి వెళ్లారు. సీతాఫలాల వాసన ఆఫీసంతా పట్టింది. మధ్యాహ్నానికి కొందరు గుమాస్తాలు పండ్లు కొనుక్కుని, గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక తిరిగారు. అధికారి బయటికి వచ్చి పోలీసుల్ని పిలుస్తానన్నాడు. "పిలువుండ్రి సారూ, వాళ్లు గూడ మాతోని కూసొని బస్సెప్పుడొస్తదో చూస్తరు," అంది మేనత్త. పొద్దు వాలాక లేచి బండ్లెక్కాం. మర్నాడు మళ్లీ వెళ్లాం. ఆ పైనా వెళ్లాం.

అన్ని రోజులూ ఆమె నన్ను ఆ అధికారి గది కిటికీ కిందే కూర్చోబెట్టింది. "నీ బడి గిదే బిడ్డా. గట్టిగ చదువు," అంది. నేను తెలుగు వాచకం మొదటి పాఠం నుంచి చివరి దాకా, మళ్లీ మొదటి నుంచి, గొంతు చించుకుని చదివాను. ఎక్కాలు చదివాను. ఒక మధ్యాహ్నం కిటికీ తలుపు పడింది. కాసేపటికి ఉక్కపోసి మళ్లీ తెరుచుకుంది. నేను ఆపలేదు. ఆయన బయటికి వచ్చి ఏ తరగతని అడిగాడు. మేనత్త నా చదువు గురించి బతిమాలుతుందేమో అని చూశాను. ఆమె, "గీ పిల్ల మీ లెక్కల లేదు సారూ. ఎక్కేటోళ్లల్ల ఇది గూడ ఒకతె," అంది, అంతే. ఆయన మా అందరి వంకా ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు పొద్దుటి బస్సు చావడి దాకా వచ్చింది. సాయంత్రం బస్సు రాలేదు, ఎప్పటికీ రాలేదు. చౌరస్తా నుంచి చీకట్లో నడిచి రావడం మాకు అలవాటైంది. ఊళ్లో కొబ్బరికాయ కొట్టారు, డ్రైవర్‌కు దండ వేశారు. నేను పుస్తకాలు తీసుకుని పక్కింటికి పరుగెత్తాను. అక్క వాకిట్లో ఎవరో కొత్తవాళ్లు కూర్చుని ఉన్నారు. బడి మానేసి పిల్ల ఇంట్లో ఊరికే ఉంది కదా అని సంబంధం కుదిర్చేశారు. అక్క తల వంచుకుని చాయ్ గ్లాసులు అందిస్తోంది. నన్ను చూసి, జడ నువ్వే వేసుకోవడం నేర్చుకో అన్నట్టు తన జడ మీద చేయి వేసి చూపించింది. ఆ రోజు నేను అక్క లేకుండా, బస్సులో మేనత్త పక్కన కూర్చుని బడికి వెళ్లాను.

తర్వాత నేను నర్సునయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా తెల్ల బట్టలు వేసుకున్నాను. వేసుకున్న ప్రతి పొద్దునా అవి ఎవరివో నాకు తెలుసు. దారి మార్చిన ఆ అధికారికి మాత్రం ఎప్పటికీ తెలియదు. ఆయన ఒక బస్సును కొన్నాళ్లు పక్కకు తిప్పాడంతే.

వరండా నుంచి బండి మీద తిరిగి వస్తున్న ఒక రోజు, నీకు కోపం రాదా అత్తా అని అడిగాను. "రాకేంది బిడ్డా? కడుపుల కుతకుత ఉడుకుతుంది," అంది. "కోపాన్ని ఇంటికి తీస్కపోతే మనల్నే తింటది. గట్టిగ ఒర్రితే వాళ్లు తలుపు పెట్టుకుంటరు. అందుకే దాన్ని తెచ్చి వాళ్ల ముందట కూసోవెట్టిన. లేవమంటే లేవది." ఎడ్ల గంటల మధ్య ఆ మాట ఆమె మామూలుగా, కూర ఎలా వండాలో చెప్పినట్టు చెప్పింది.

మొన్న మంగళవారం నేను బస్సుల ఆఫీసుకు వెళ్లాను. కుర్ర అధికారి, చాలా మర్యాదస్థుడు. ఏసీ గదిలో కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించి, ఆ రూటులో డిమాండ్ లేదండి అన్నాడు. ఫోన్‌లో కంప్లైంట్ పెట్టమని యాప్ చూపించాడు. తర్వాత కాస్త అనుమానంగా, "మీరు ఆ బస్సులో వెళ్తారా మేడమ్?" అని అడిగాడు.

"లేదు నాయనా, మా అబ్బాయికి కారుంది. ఎక్కేవాళ్లు వస్తున్నారు, మా ఇంట్లో పనిచేసే అమ్మాయీ, ఆమెతో స్టాపులో నిలబడేవాళ్లూ. రెండు ఆటోలు మారాలి కదా, కొంచెం ఆలస్యమవుతుంది," అన్నాను.

మా ఇంట్లో వాళ్లకు నా సంగతి తెలుసు. నేను అరిస్తే ఎవరూ పట్టించుకోరు, అది కాసేపట్లో పోయే చిరాకు. నిజంగా కోపమొస్తే నా గొంతు తగ్గుతుంది, ఒళ్లు నెమ్మదిస్తుంది. అది మా మేనత్త నాకిచ్చింది. ఆ కుర్ర అధికారి గదిలోంచి బయటికి వచ్చి, వరండాలో మెట్ల పక్కన కొంగు పరుచుకుని కూర్చున్నాను.